నీళ్లలో మునిగినా దూపే! సీసాలో కరువు తెప్పించే చక్కెర కథ

చిన్న పజిల్. నిండా నీళ్లున్న సీసాలో మొక్కకు కరువు తెప్పించాలి. నీళ్లు పారబోయొద్దు, ఎండలో పెట్టొద్దు, వేడి చేయొద్దు. నీళ్లు ఎక్కడివక్కడే ఉండాలి, మొక్క కణాలు మాత్రం దూపతో అల్లాడాలి. ఎట్లా?

జవాబు మీ వంటింటి డబ్బాలోనే ఉంది. చక్కెర!

వినడానికి వింతగా ఉంది కదా. కానీ ప్రపంచంలో మొక్కల కణాల మీద పనిచేసే ల్యాబుల్లో కరువును చాలాసార్లు ఇట్లాగే తయారు చేస్తారు. కాకపోతే ఏ చక్కెర వేశారు, ఎంత వేశారు అన్నదాన్ని బట్టి వచ్చే ఫలితం మొత్తం మారిపోతుంది. ఎంపిక తప్పితే నెలల కష్టం వృథా. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. సీసాలో వచ్చిన తప్పుడు ఫలితాన్ని నమ్మి 'కరువును తట్టుకునే మొక్క' అని పేరు పెడితే, దాన్ని చేనులో మోయాల్సింది రైతు.

ఘన్‌పూర్ చెల్కల నుంచి ల్యాబ్ దాకా

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్తే జనగామ దాటాక వచ్చే ఊరు స్టేషన్ ఘన్‌పూర్. కోటగుళ్లున్న గణపురం వేరు, ఇది వేరు. రైల్వే స్టేషన్‌నే ఇంటిపేరుగా పెట్టుకున్న ఊరు. నిన్నమొన్నటి దాకా వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. దేవాదుల ఎత్తిపోతల పథకం కింద ఇక్కడ రిజర్వాయర్ ఉంది. కానీ కాల్వ నీళ్లు అందని చెల్కల్లో పత్తి, కంది లాంటి పంటలకు ఇప్పటికీ వానే దిక్కు.

వానాకాలం మధ్యలో రెండు మూడు వారాలు వాన మొఖం చాటేసిందనుకోండి. మధ్యాహ్నానికి పత్తి ఆకులు వేలాడిపోతాయి, సాయంత్రానికి మళ్లీ తేరుకుంటాయి. కొన్నాళ్లకు ఆ తేరుకోవడమూ ఆగిపోతుంది. అప్పుడు మొక్క లోపల, ఒక్కో కణంలో ఏం జరుగుతోంది? అది తెలిస్తేనే కదా, కరువును తట్టుకునే వంగడం ఎట్లా తయారు చేయాలో తెలిసేది.

చేనులో దీన్ని విడదీసి చూడటం కష్టం. నీళ్లు తగ్గినప్పుడు ఎండా పెరుగుతుంది, గాలీ పొడిబారుతుంది, పురుగూ పడుతుంది. వేరు ఒకచోట లోతుగా దిగితే ఇంకోచోట రాయి తగులుతుంది. ఆకు వాడింది నీళ్లు లేకనా, వేడికా, పురుగుకా అంటే తేల్చి చెప్పలేం. అందుకే శాస్త్రవేత్తలు మొక్కలో చిన్న ముక్క తీసుకుని సీసాలో పెంచుతారు. అక్కడ ఉష్ణోగ్రత, వెలుతురు, తిండి అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. మార్చాల్సింది ఒక్కటే, నీటి లభ్యత.

కణాలకు చక్కెర ఎందుకు పెడతారు?

వరి గింజ పొట్టు తీసి, శుభ్రం చేసి, పోషకాలు, హార్మోన్లు కలిపిన జెల్లీ మీద పెడితే కొన్ని వారాల్లో దాని మీద లేత పసుపు రంగులో గడ్డలాంటిది పెరుగుతుంది. దీన్నే కాలస్ అంటారు. దీనికి ఆకూ లేదు, వేరూ లేదు. ఇంకా ఏ భాగంగానూ మారని కణాల ముద్ద. సరైన హార్మోన్లు ఇస్తే ఇందులోంచి మొలక వచ్చి పూర్తి మొక్కవుతుంది.

ఆకు లేదంటే సొంతంగా తిండి వండుకోలేదు. అందుకే మనమే పెట్టాలి. 1902లో ఆస్ట్రియా శాస్త్రవేత్త గాట్లీబ్ హేబర్లాంట్ మొక్క కణాలను విడిగా పెంచాలని తొలిసారి ప్రయత్నించారు. కణాలు కొన్నాళ్లు బతికాయి కానీ విభజన చెందలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు తిండి ఫార్ములా మీద తంటాలు పడ్డారు. 1962లో తోషియో మురాషిగె, ఫోక్ స్కూగ్ పొగాకు కణాల కోసం ఒక ఫార్ములా ప్రకటించారు. 'ఎంఎస్ మీడియం' అని ఇప్పటికీ ప్రపంచమంతా వాడేది దాన్నే. ఖనిజ లవణాలు, విటమిన్లు, వాటితో పాటు లీటరుకు 30 గ్రాముల సుక్రోజ్. సుక్రోజ్ అంటే ఇంకేదో కాదు, మనం చాయ్‌లో వేసుకునే చక్కెరే.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ 30 గ్రాములు కేవలం తిండి కాదు.

ఒక్క చక్కెర, రెండు పనులు

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి జాడీలో ఊట ఊరుతుంది. కాకరకాయ చక్రాలకు ఉప్పు రాసి పక్కన పెట్టినా అంతే. బయట చిక్కగా ఉంటే లోపలి నీళ్లు బయటికొస్తాయి. ఇంటర్ బైపీసీ వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ద్రవాభిసరణ అని చదువుకున్నదే ఇది. ఉప్పు స్థానంలో చక్కెర వేసినా ఇదే జరుగుతుంది. కరిగిన రేణువులు ఎన్ని ఎక్కువుంటే నీళ్లను అంత గట్టిగా పట్టుకుంటాయి. కణం నీళ్లు తాగాలంటే ఆ పట్టును గెలవాలి.

ఈ పట్టు ఎంత బలంగా ఉంటుందో లెక్క కట్టొచ్చు. లీటరు నీళ్లలో 30 గ్రాముల సుక్రోజ్ కరిగిస్తే 25 డిగ్రీల దగ్గర దాని ద్రవాభిసరణ పీడనం సుమారు 0.22 మెగాపాస్కల్. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే దాదాపు 32 పీఎస్ఐ. పెట్రోల్ బంకులో కారు టైరుకు కొట్టించే గాలి ఎంతో అంత! మామూలు ఎంఎస్ మీడియంలో హాయిగా పెరుగుతున్న కాలస్ కూడా ఒక కారు టైరంత ఒత్తిడికి ఎదురెళ్లి నీళ్లు లాక్కుంటోందన్నమాట. ఇది చక్కెర వాటా మాత్రమే, లవణాల వాటా వేరే.

మరి చేనులో కరువు ఏ స్థాయిలో ఉంటుంది? మట్టి నీళ్లను పట్టి ఉంచే బలం సుమారు 1.5 మెగాపాస్కల్‌కు చేరితే చాలా పంటలు వాడిపోయి ఇక తేరుకోలేవని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. అంటే దాదాపు ఏడు కారు టైర్ల ఒత్తిడి. అదే స్థాయిని సీసాలో చక్కెరతో తేవాలంటే లీటరుకు దాదాపు 200 గ్రాములు పోయాలి. అది పలచటి పాకమే!

అంటే మీడియంలో చక్కెర పెంచిన ప్రతిసారీ రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. కణానికి తిండి పెరుగుతోంది, దూప కూడా పెరుగుతోంది. కణం ప్రవర్తన మారితే అది తిండి వల్లనా, దూప వల్లనా? మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, ఒకే రిలీజ్‌లో రెండు ఫీచర్లు మార్చేసి, యూజర్లు ఎందుకు తగ్గారని తల పట్టుకున్నట్టే.

దీనికి తోడు చక్కెర మూడో వేషం కూడా వేస్తుంది. గ్లూకోజ్ లాంటి చక్కెరలను మొక్క కణాలు సిగ్నల్‌గా కూడా చదువుకుంటాయి. ఎంత చక్కెర ఉందో చూసి ఏ జన్యువును ఆన్ చేయాలో, దేన్ని ఆఫ్ చేయాలో నిర్ణయించుకుంటాయి. ఉదాహరణకు బంగాళదుంప ల్యాబుల్లో సీసాలోనే బఠాణీ గింజంత చిన్న దుంపలు తెప్పించడానికి చక్కెరను లీటరుకు 80 గ్రాముల దాకా పెంచుతారు.

ఏ చక్కెర ఎట్లాంటిది?

అందుకే అనుభవమున్న పరిశోధకులు చక్కెర డబ్బా తెరిచే ముందు ఒక ప్రశ్న వేసుకుంటారు. 'నాకు కావాల్సింది తిండా, దూపా?' ఒక్కొక్కటి చూద్దాం.

సుక్రోజ్: మొక్క ఆకుల నుంచి మిగతా భాగాలకు ఎక్కువగా రవాణా అయ్యేది ఇదే. చవక, చాలా కణాలకు ఇష్టం. కానీ నిలకడ లేదు. ఒక్కో సుక్రోజ్ అణువులో ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేతులు పట్టుకుని ఉంటాయి. కణకవచంలోని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఆ జంటను విడదీస్తుంది. ఒక్క రేణువు రెండవుతుంది, దూప కూడా దాదాపు రెట్టింపవుతుంది! ఆ తర్వాత కణాలు ఆ చక్కెరను తింటూ పోతే దూప మళ్లీ తగ్గుతుంది. మీరు మొదటి రోజు పెట్టిన కరువు పదో రోజుకు ఉండదు. మీడియంను సూక్ష్మజీవులు లేకుండా చేయడానికి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. అక్కడే కొంత సుక్రోజ్ విడిపోవడం మొదలవుతుంది.

గ్లూకోజ్: ఇది చిన్న అణువు. ఒకే బరువు తూచి వేస్తే సుక్రోజ్ కంటే దాదాపు రెట్టింపు రేణువులు వస్తాయి. లీటరుకు 30 గ్రాముల గ్లూకోజ్ అంటే దాదాపు రెండు టైర్ల ఒత్తిడి. 'అదే 30 గ్రాములు వేశాం కదా, చక్కెర రకం ఒక్కటే మార్చాం' అనుకుంటే పొరపాటు. దూపను కూడా డబుల్ చేసేశారు. అందుకే పోల్చేటప్పుడు గ్రాముల్లో కాదు, మోలార్ లెక్కలో, అంటే అణువుల సంఖ్యలో పోల్చాలి.

మాల్టోజ్: ఇందులో రెండు గ్లూకోజ్‌లు కలిసి ఉంటాయి. సుక్రోజ్ కంటే నెమ్మదిగా విడిపోతుంది కాబట్టి తిండి కొంచెం కొంచెంగా అందుతుంది, దూప ఒక్కసారిగా ఎగబాకదు. పుప్పొడి దశలోని కణాల నుంచి నేరుగా మొక్కలు తెప్పించే పద్ధతి ఒకటుంది. 1964లో ఢిల్లీ యూనివర్సిటీలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త మీద దీన్ని ప్రపంచానికి మొదట చూపించారు. బార్లీలో ఇదే పని చేసేటప్పుడు సుక్రోజ్ బదులు మాల్టోజ్ వాడితే ఫలితాలు బాగా మెరుగయ్యాయని 1980ల చివర్లో తేలింది. వరిలో కూడా మాల్టోజ్ వాడకం మామూలైంది.

మానిటాల్, సార్బిటాల్: షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ ప్యాకెట్ వెనక చూడండి, చాలాసార్లు ఈ పేర్లే కనిపిస్తాయి. ఖచ్చితంగా చెప్పాలంటే ఇవి చక్కెరలు కావు, చక్కెర ఆల్కహాల్స్. తియ్యగా ఉంటాయి కానీ చాలా మొక్కల కణాలు వీటిని తిని పెరగలేవు. అంటే దూప పెంచుతాయి, తిండి పెంచవు. నీటి ఎద్దడి ప్రయోగాలకు కావాల్సింది ఇదే. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆపిల్, పియర్, పీచ్ లాంటి గులాబీ కుటుంబం మొక్కలకు సార్బిటాల్ ఇష్టమైన తిండి. సెలరీ మానిటాల్‌ను వాడుకుంటుంది. ఒక మొక్కకు తినలేనిది ఇంకో మొక్కకు విందు. పైగా రోజులు గడిచేకొద్దీ మానిటాల్ మెల్లగా కణం లోపలికీ చేరుతుంది. అప్పుడు లోపలా బయటా చిక్కదనం దగ్గరపడి దూప తగ్గుతుంది.

పీఈజీ: పూర్తి పేరు పాలీ ఇథిలీన్ గ్లైకాల్. ఇది చక్కెర కాదు, పొడవాటి పాలిమర్. పీఈజీ 6000 లాంటి పెద్ద అణువులు కణకవచంలోని సన్న రంధ్రాల్లోంచి కూడా దూరలేవు. మానిటాల్ లాంటి చిన్న అణువులు కవచం దాటి లోపలి పొర దాకా వెళ్తాయి, పొర మాత్రం ముడుచుకుని కవచం నుంచి ఊడొస్తుంది. పీఈజీతో అయితే కవచంతో సహా కణం మొత్తం కుంచించుకుపోతుంది. ఎండిన నేలలో జరిగేదానికి ఇదే దగ్గర. కానీ పీఈజీకీ ఇబ్బందులున్నాయి. ద్రవం జిగటగా మారి కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు, అగర్ జెల్లీ కూడా సరిగా గట్టిపడదు.

చూశారుగా, అన్ని విధాలా పర్‌ఫెక్ట్ చక్కెర అంటూ ఏదీ లేదు. ప్రశ్నను బట్టే ఎంపిక.

మూడు సీసాల లెక్క

తిండినీ దూపనూ ఎట్లా విడదీయాలి? మన యాప్‌లలో చేసే ఏ/బీ టెస్ట్ లాంటిదే, కాకపోతే ఇంకో సీసా అదనం.

మొదటి సీసా: మామూలు మీడియం. సుక్రోజ్ 30 గ్రాములు.

రెండో సీసా: సుక్రోజ్ 90 గ్రాములు. తిండి మూడింతలు, దూప కూడా మూడింతలు. అంటే మూడు టైర్ల ఒత్తిడి.

మూడో సీసా: సుక్రోజ్ 30 గ్రాములు, దానికి తోడు మానిటాల్ 32 గ్రాములు. తిండి మొదటి సీసాలో ఉన్నంతే. దూప మాత్రం రెండో సీసాతో సమానం.

60 గ్రాముల అదనపు సుక్రోజ్‌కు 32 గ్రాముల మానిటాల్ ఎట్లా సమానమైంది? సుక్రోజ్ అణుభారం 342, మానిటాల్‌ది 182. అరవై గ్రాముల సుక్రోజ్‌లో ఎన్ని అణువులుంటాయో 32 గ్రాముల మానిటాల్‌లోనూ అన్నే ఉంటాయి. దూప అణువుల సంఖ్యను చూస్తుంది, బరువును చూడదు.

ఇప్పుడు కొన్ని వారాలు ఆగి చూడండి. రెండో సీసాలో కాలస్ పెరుగుదల తగ్గి, మూడో సీసాలో కూడా అంతే తగ్గితే, కారణం దూప. రెండో సీసాలో మార్పు వచ్చి, మూడోది మొదటి సీసా లాగే ఉంటే, కారణం తిండి. మూడు సీసాలూ మూడు రకాలుగా ఉంటే, రెండింటి ప్రభావమూ ఉందన్నమాట. మానిటాల్‌కే ఆ మొక్క మీద ఏదైనా సొంత ప్రభావం ఉందేమోనని అనుమానమా? సార్బిటాల్‌తో నాలుగో సీసా పెట్టండి. రెండింటిలో ఒకే ఫలితం వస్తే నమ్మకం పెరుగుతుంది.

ఇంకో జాగ్రత్త, లెక్కను కాగితం మీదే వదిలేయొద్దు. ఆటోక్లేవ్‌లో సుక్రోజ్ కొంత విడిపోతుందని చెప్పుకున్నాం కదా. అందుకే ఆస్మోమీటర్ అనే పరికరంతో మొదటి రోజు, చివరి రోజు కొలవాలి. ఈ పరికరాల్లో చాలావరకు ద్రవం ఎంత చల్లదనం దగ్గర గడ్డకడుతుందో చూసి రేణువుల లెక్క చెప్తాయి. కుల్ఫీ బండి వాళ్లు ఐసులో ఉప్పు ఎందుకు కలుపుతారో తెలుసుగా? రేణువులు పెరిగితే గడ్డకట్టే ఉష్ణోగ్రత ఇంకా కిందికి దిగుతుంది. సూత్రం అదే.

ఉస్మానియాలో వరి కాలస్ చెప్పిన పాఠం

ఇదంతా ఎక్కడో విదేశాల ముచ్చట అనుకోకండి. ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గ పని హైదరాబాద్‌లోనే జరిగింది.

కాలస్‌కు ఒక జబ్బుంది. కొత్తలో చక్కగా మొలకలిస్తుంది. నెలలు గడిచి పాతబడేకొద్దీ ముద్దగా పెరుగుతూనే ఉంటుంది కానీ మొలక రాదు. పరిశోధకులకు ఇది పెద్ద తలనొప్పి. కొత్త లక్షణాల కోసం కణాలను నెలల తరబడి వడపోసి, చివరికి మంచి కణం దొరికాక దాని నుంచి మొక్కే రాకపోతే ఏం లాభం?

ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ విభాగంలో పి.బి. కవి కిశోర్, జి.ఎం. రెడ్డి ఈ సమస్యను నాలుగు వరి రకాల మీద పరిశీలించారు. మీడియంలో మానిటాల్, సార్బిటాల్ లాంటివి కలిపి ద్రవాభిసరణ ఒత్తిడిని సర్దితే, చాలాకాలంగా పెంచుతున్న కాలస్‌లు మొక్కనిచ్చే శక్తిని నిలుపుకున్నాయి. పోగొట్టుకున్నవాటిలోనూ ఆ శక్తి తిరిగొచ్చింది. 1986లో 'జర్నల్ ఆఫ్ ప్లాంట్ ఫిజియాలజీ'లో ఆ ఫలితాలు వచ్చాయి. మరుసటి ఏడాది 'ప్లాంట్ సైన్స్' పత్రికలో కవి కిశోర్ రాసిన పేపర్ శీర్షికలోనే మన అసలు ప్రశ్న కనిపిస్తుంది. పాత వరి కాలస్ నుంచి మొక్కలు రావాలంటే శక్తి అవసరం ఎంత, ద్రవాభిసరణ అవసరం ఎంత అని. అంటే తిండి ఎంత, దూప ఎంత అని!

ఇందులో ఒక ఆసక్తికరమైన మాట ఉంది. దూప అంటే ఎప్పుడూ చెడ్డదే అనుకుంటాం. కానీ కొలిచి పెట్టిన కొంచెం దూప వరి కాలస్‌కు మందులా పనిచేసింది. పక్వానికొచ్చే గింజలో కూడా నీళ్లు తగ్గుతూ పోతాయి కదా. విత్తనం తయారయ్యే దారిలో నీటి తగ్గుదల సహజంగానే ఒక మలుపు. ఇంకో దేశంలో ఇదే దూపను ఫ్రిజ్‌లా వాడుతున్నారు. పెరూ రాజధాని లిమాలోని అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రంలో వేల రకాల దుంప మొక్కలను సీసాల్లో భద్రపరిచారు. అవి తొందరగా పెరిగిపోకుండా చల్లదనంతో పాటు మీడియంలో సార్బిటాల్ కలుపుతారు.

బయట ఉంటే శత్రువు, లోపల ఉంటే దోస్త్

ఇప్పుడు కథలో ట్విస్ట్. సీసాలో దూప పుట్టించే మానిటాల్‌నే కణం తన లోపల తయారు చేసుకుంటే? అప్పుడు లోపల చిక్కదనం పెరిగి, కణమే బయటి నుంచి నీళ్లు లాక్కోగలదు కదా!

1993లో అమెరికాలో ఇదే చేసి చూశారు. ఈ.కోలై బ్యాక్టీరియాలో మానిటాల్‌కు సంబంధించిన ఎంటీఎల్‌డీ అనే జన్యువును పొగాకులో పెడితే, ఆ మొక్కలు ఉప్పు నీటిని మెరుగ్గా తట్టుకున్నాయి. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా, అంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అదే జన్యువును మన జొన్నలో పెట్టారు. నీటి ఎద్దడిని, ఉప్పును తట్టుకునే శక్తి పెరిగిందని 2010లో ప్రకటించారు.

ఉస్మానియా కవి కిశోర్ పేరు ఇక్కడ మళ్లీ వస్తుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో దేశ్‌పాల్ వర్మ బృందంతో కలిసి ఆయన చేసిన పని 1995లో 'ప్లాంట్ ఫిజియాలజీ'లో వచ్చింది. ఈసారి చక్కెర కాదు, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం. ఎడారి నేలల్లో పండే మోత్ బీన్ అనే పప్పుదినుసు నుంచి జన్యువు తీసి పొగాకులో పెడితే, మామూలు మొక్కల కంటే 10 నుంచి 18 రెట్లు ఎక్కువ ప్రోలిన్ తయారైంది. నీటి ఎద్దడిలో ఆ మొక్కలు మెరుగ్గా నిలబడ్డాయి. కరువు పరిశోధనలో ఎక్కువగా ప్రస్తావించే పేపర్లలో ఇది ఒకటైంది.

కథ అక్కడితో ఆగలేదు. 1996లో అదే పత్రికలో ఇతర శాస్త్రవేత్తలు గట్టి ప్రశ్నలు వేశారు. ప్రోలిన్ పెరగడం సరే, మొక్క నిలబడింది నీళ్లు లాక్కునే బలం పెరగడం వల్లేనా, నీటి కొలతలను సరిగ్గా అర్థం చేసుకున్నామా అని. 2003లో మానిటాల్ జన్యువు పెట్టిన గోధుమ మీద వచ్చిన పేపర్ కూడా ఇట్లాంటి మాటే చెప్పింది. ఆ గోధుమ ఎద్దడిని తట్టుకుంది. కానీ తయారైన మానిటాల్ నీళ్లు లాగడానికి సరిపోయేంత లేదు. అంటే అది ఇంకేదో విధంగా కణాన్ని కాపాడుతోంది.

ఇట్లా ప్రశ్నించుకోవడం గొడవ కాదు, సైన్స్ ముందుకెళ్లే పద్ధతే అది. మొక్క బతికింది అంటే సరిపోదు. ఎందుకు బతికింది అన్నది తేలాలి. అది తేలకుండా ఇంకో పంటలోకి, ఇంకో నేలకు తీసుకెళ్తే ఫలితం వస్తుందన్న గ్యారంటీ లేదు.

సీసా దాటి చేనుకు వస్తే?

సీసాలో మూడు టైర్ల ఒత్తిడిని తట్టుకున్న కాలస్ దొరికిందనుకుందాం. దాని నుంచి వచ్చిన మొక్క ఘన్‌పూర్ చెల్కలో వాన లేని మూడు వారాలను తట్టుకుంటుందా? అట్లా చెప్పలేం. కారణాలు చాలానే ఉన్నాయి.

ఒకటి, కాలస్‌కు వేరు లేదు. చేనులో కరువును గెలిచేది చాలావరకు లోతుగా దిగే వేరు, సమయానికి మూసుకునే ఆకు రంధ్రాలు, వాన పోయేలోపు పూత ముగించే తొందర. ఇవేవీ కణాల ముద్దలో కనిపించవు.

రెండు, కణాలకు అలవాటు పడే గుణం ఉంది. దూపను మెల్లమెల్లగా పెంచితే అవి సర్దుకుంటాయి. మానిటాల్ తీసేస్తే కొన్నాళ్లకు ఆ బలం పోవచ్చు. జన్యువులో మార్పు వచ్చిందా, తాత్కాలిక అలవాటా అన్నది తర్వాతి తరం విత్తనంలో చూస్తేనే తెలుస్తుంది.

మూడు, సీసాలో దూప వచ్చేది చక్కెర వల్ల. చేనులో దూపతో పాటు ఎండ, వేడిగాలి, గట్టిపడిన నేల కూడా వస్తాయి.

సీసాకూ చేనుకూ మధ్య ఎంత దూరమో టిష్యూ కల్చర్ అరటి పెట్టిన రైతుకు బాగా తెలుసు. గ్రాండ్ నైన్ మొక్కలు సీసాలో చక్కెర తింటూ, తేమతో నిండిన గాలిలో పెరుగుతాయి. ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది, రంధ్రాలు సరిగా మూసుకోవు. అందుకే నేరుగా చేనులో పెట్టరు. షేడ్‌నెట్ కింద వారాల తరబడి తేమ తగ్గిస్తూ, ఎండ పెంచుతూ గట్టిపరుస్తారు. ఆ దశను సరిగా చేయని నర్సరీ నుంచి మొక్కలు తెస్తే నాటిన వారానికే వాడిపోతాయి.

అట్లాగని సీసా పని వ్యర్థం కాదు. వేల కణాల్లోంచి ఆశ ఉన్న కొన్నింటిని తక్కువ చోటులో, తక్కువ టైమ్‌లో వడపోయడానికి దానికి మించింది లేదు. కాకపోతే అది తొలి రౌండ్ ఇంటర్వ్యూ. ఉద్యోగం ఇచ్చేది చేనే.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

బయోటెక్, అగ్రి బీఎస్సీ చదువుతున్నారా? వరంగల్ కాకతీయ యూనివర్సిటీ లాంటి చోట్ల మొక్కల టిష్యూ కల్చర్ మీద ఏళ్లుగా పని జరుగుతోంది. మీ ప్రాజెక్ట్‌లో 'సుక్రోజ్ పెంచాం, నీటి ఎద్దడి వచ్చింది' అని రాసే ముందు, అదే దూప ఇచ్చే మానిటాల్ సీసా పక్కన పెట్టారో లేదో చూసుకోండి. చక్కెరలను గ్రాముల్లో పోల్చారా, మోలార్‌లోనా? ఆస్మోమీటర్‌తో కొలిచారా? మీ మొక్క సార్బిటాల్‌ను తినే రకమా, కాదా?

ఇంట్లో వ్యవసాయం ఉందా? కరువును తట్టుకునే విత్తనం అంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చినా, డీలర్ చెప్పినా నాలుగు మాటలు అడగండి. ల్యాబ్‌లో తేలిందా, చేనులోనా? ఎన్ని సీజన్లు చూశారు? మనలాంటి నేలలో, కాల్వ లేని చోట పెట్టి చూశారా? మొక్క బతకడం సరే, ఎకరాకు దిగుబడి ఎంతొచ్చింది? వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికో, మీ మండల వ్యవసాయ అధికారికో ఒక్క ఫోన్ చేస్తే వీటికి జవాబులు తెలుసుకోవచ్చు. విత్తనం కొనేముందు ఆ ఫోన్ చేయండి.